గున్‌వోర్ ఉప్పు బొమ్మలు

గున్‌వోర్‌తో నేను జన్మలో ఒక్కసారే గొడవపడ్డాను. అదీ రెండంటే రెండు రోజుల కోసం.

మా దీవిలో బాలబడి ఒక్కటే. అందులో గున్‌వోర్ ముప్పై నాలుగేళ్లు పనిచేసింది. టీచరు చదువు ఆమె చదవలేదు. కాగితాల మీద ఎప్పుడూ సహాయకురాలే. చదువుకున్న టీచర్లు తొమ్మిదిమంది వచ్చారు, పోయారు. తడిసిన మేజోళ్లు ఎక్కడ ఆరెయ్యాలో, ఏ పిల్లవాడు కరుస్తాడో, ఏ తల్లిని పొద్దున్నే పలకరించకూడదో వాళ్లందరికీ చెప్పింది ఆమే. నాకు ముక్కు చీదడం, బూటు తాడు కట్టుకోవడం నేర్పింది కూడా ఆమే. ముక్కు చీదడం నేర్పిన మనిషి మీద గొంతు పెంచడం ఎంత కష్టమో పెంచి చూస్తేగాని తెలియదు.

పొడుగ్గా, బక్కగా ఉండేది. ఏడాది పొడుగునా అదే బూడిదరంగు ఉన్ని స్వెట్టరు. కొందరు మాటలు తూచి వాడతారంటారు. గున్‌వోర్ తూచడం దాకా ఎందుకు, అసలు కొట్టే తెరిచేది కాదు. పెళ్లి చేసుకోలేదు. అడిగినవాడు ఒకడున్నాడట, ఓడ మనిషి. "వద్దు" అందట. ఎందుకని వాడు అడిగాడో లేదో తెలియదు గాని, అడిగినా రెండో మాట వచ్చి ఉండదు.

ఆమె ఇల్లు రేవుకి పైన ఉంది. లోపల గోడమీద ఒక్క ఫోటో లేదు, కిటికీలో ఒక్క బొమ్మ లేదు. మా ఇళ్లల్లో తాతల నాటి చెంచాల దగ్గర్నుంచి పళ్లూడిన దువ్వెనల దాకా అన్నీ దాస్తారు. ఆమె మాత్రం వచ్చిన ఉత్తరం చదివి అదే రోజు పొయ్యిలో వేసేది. పిల్లలు గీసిచ్చిన బొమ్మలకి వారం రోజులు గడువు, తర్వాత అవీ పొయ్యిలోకే. "రాతి గుండె" అనేది మా అమ్మ. అంటూనే పొద్దున్నే నన్ను ఆమె చేతిలో పెట్టి నిశ్చింతగా పనికి పోయేది.

డిసెంబరు పదమూడున బాలబడిలో ఉప్పుపిండి కలిపేవాళ్లు. రెండు గిన్నెల గోధుమపిండి, ఒక గిన్నె ఉప్పు, ఒక గిన్నె నీళ్లు. పిల్లలు దాన్ని భూతంపిండి అంటారు. మట్టిలాగే మెత్తగా చెప్పినమాట వింటుంది, ఆరితే పెంకులా గట్టిపడుతుంది. పిసకడం మాత్రం గున్‌వోర్ ఎవరికీ ఇచ్చేది కాదు. ఉప్పుకి ఆమె వేళ్ల కణుపులు పగిలి నెత్తురు చిమ్మేవి. సాయంత్రం గొర్రెల పొదుగులకి రాసే మలాం రాసుకుని, మర్నాడు మళ్లీ పిసికేది. ఇంట్లో మనిషికి ఒక ముద్ద చొప్పున పిల్లలకి ఇచ్చేది. ఒక ఏడు ఒక పిల్ల రెండు ముద్దలు కావాలని పేచీ పెట్టింది.

"మా అమ్మమ్మ లావు. ఒక్క ముద్ద చాలదు."

"మనిషికి ఒకటే. లావైతే పలచగా వత్తు, అదే వెడల్పవుతుంది" అంది గున్‌వోర్.

ఆ పిల్ల అమ్మమ్మని పళ్లెమంత చేసింది. బొమ్మల నెత్తిన పుల్లతో చిల్లు పెట్టి, సన్నని సెగ మీద పొద్దుగూకే దాకా పొయ్యిలో ఆరబెట్టి, ఎర్ర ఉన్నిదారం కట్టి బడి లోపలి క్రిస్మస్ చెట్టుకి వేలాడదీసేవాళ్లు. వాటికి రంగు వేయరు, మెరుగు పూయరు. ఎందుకంటే అవి చివరికి గొర్రెల నోట్లోకి పోవాలి. క్రిస్మస్ వెళ్లిన ఇరవయ్యో రోజు, జనవరి పదమూడున, చెట్టు తీసేస్తారు. అప్పుడు పిల్లలు తమ బొమ్మలు మెడలో వేసుకుని, రైతు టోర్‌లైవ్ గొర్రెల కొట్టానికి వరసగా నడిచి వెళ్తారు. ఉప్పంటే గొర్రెలకి ప్రాణం. నాకి నాకి, కొరికి, ముక్క మిగల్చవు. ఈ ఆచారం గున్‌వోర్ పెట్టిందే. అంతకు ముందు లేదు. మాకు చిన్నప్పుడు అదే పెద్ద పండుగ. చెట్టుకన్నా, బహుమతులకన్నా, మా నాన్న బొమ్మ కాలు పొట్టేలు కొరకడమే నాకు బాగా గుర్తు.

నేను గ్యాసు ఓడ మీద పనిచేస్తాను. మూడు నెలలు సముద్రం, మూడు నెలలు ఇల్లు. అక్టోబరు నడుమ ఎక్కితే జనవరి పదిహేనుకి ఇల్లు చేరతాను. నా కూతురు సిన్నె బాలబడిలో చేరి నాలుగేళ్లయింది. అది చేసిన ఒక్క ఉప్పు బొమ్మ కూడా నేను చూడలేదు. ఏటా నేను ఇల్లు చేరేసరికి రెండు రోజుల ముందే గొర్రెలు తినేసి ఉంటాయి. నా భార్య తోరిల్‌ని ఫోటో పంపమంటే దూరం నుంచి తీసిన చెట్టు ఫోటో ఒకటి పంపేది. అందులో చీమంత చుక్కలు కనిపించేవి. సరిగ్గా తియ్యమంటే, పిల్లలు తోసేశారనేది. సర్లే, ఓడలో నెట్టు కూడా అంతంత మాత్రమే అనుకునేవాణ్ని.

ఆ ఏడుతో సిన్నె బాలబడి అయిపోతుంది. ఆగస్టులో పెద్దబడి. ఇంక ఉప్పుపిండి ఉండదు. ఈసారి ఎలాగైనా చూడాలనిపించింది. ఇంత పెద్ద ఓడని రేవుకి కట్టగలవాణ్ని, రెండు రోజులు గొర్రెల్ని ఆపలేనా అనుకున్నాను.

అక్టోబరులో ఓడెక్కే ముందు బాలబడికి వెళ్లాను. గున్‌వోర్ పెరట్లో నిలబడి పిల్లల వానకోట్ల మీది బురద గొట్టంతో కడుగుతోంది.

"గున్‌వోర్, ఒక్క మాట."

"చెప్పు."

"సిన్నెకి ఇక్కడ ఇదే ఆఖరు క్రిస్మస్. నేను పదిహేనున వస్తాను. ఈసారి గొర్రెలకి పదిహేనున పెడదాం. కుదరదంటే సిన్నెవి మాత్రం రెండు రోజులు ఆపు."

"పదమూడే."

"గొర్రెలేమన్నా క్యాలెండరు చూసుకుని కూర్చుంటాయా?"

"చూసి ఏం చేస్తావు?"

"నా కూతురు చేసినవి. చూస్తాను, అంతే."

"కూతుర్నే చూడు. వచ్చాక మూడు నెలలు ఉంటావుగా."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. ఆమె పట్టిన కుందేటికి మూడే కాళ్లని దీవిలో అందరికీ తెలుసు. అయినా ఆ నాలుగో కాలు నాకు కావాలి.

"అయితే నేనే పదమూడుకి వస్తాను. నేను దిగాక ఓడెక్కే ఇంగ్వాల్‌తో వంతు మార్చుకుంటాను."

ఆమె గొట్టం మూసింది. "రాకు."

"ఏం?"

"బదులుగా వాడికి ఈస్టర్ సెలవు ఇవ్వాల్సొస్తుంది. ఈస్టరుకి మంచు కొండల మీదికి తీసుకెళ్తావని ఆ పిల్ల ఇప్పట్నుంచే చెప్పుకుంటోంది. ఉప్పుపిండి కోసం అది పాడుచెయ్యకు. మాట విను ఆర్న్‌స్టైన్. రాకు."

నాకు ఒళ్లు మండింది. నేనేదో దొంగతనానికి వస్తానన్నట్టు ఆ మాట చెప్పింది. "నీకు పిల్లల్లేరు, నీకేం తెలుస్తుంది" అన్నాను, గొంతు పెంచే అన్నాను. పెరట్లో పిల్లలు ఆట ఆపి చూశారు. గున్‌వోర్ గొట్టం తిప్పి, కోటు మీద మిగిలిన బురద కడగడం మొదలెట్టింది. ఆ మాట ఎందుకన్నానా అని రేవు దాకా నడుస్తూ సిగ్గుపడ్డాను. సిగ్గుపడ్డాను గాని వెనక్కి వెళ్లలేదు.

ఇంటికొచ్చి తోరిల్‌తో చెప్తే, అది సిన్నె తమ్ముడు యూన్‌కి అన్నం పెడుతూ తలెత్తలేదు.

"గున్‌వోర్ వద్దంటే వద్దనుకోరాదూ."

"నువ్వూ ఆవిడ పక్షమేనా?"

"పక్షాలేంటి, మధ్యలో గొర్రెలేంటి. నీ ఇష్టం" అంది.

ఇంగ్వాల్ నవ్వాడు. "ఉప్పు బొమ్మలు చూడ్డానికి ఈస్టర్ వదులుకుంటావా? నీకు సముద్రం తలకెక్కిందిరా." నవ్వుతూనే ఒప్పుకున్నాడు. ఉచితంగా వచ్చిన ఈస్టరుని ఎవడు కాదంటాడు? నేను ముందుగా, పదకొండునే, రోటర్‌డామ్‌లో దిగాలి. బదులుగా ఏప్రిల్ మొదట్లోనే మళ్లీ ఎక్కాలి. సిన్నెకి ఫోనులో చెప్పాను. "మరి మంచు?" అంది. తర్వాత "సరే, గొర్రెల దగ్గరికి వస్తావుగా" అంది. దానికి కూడా అదే ముఖ్యమనుకుని సంతోషపడ్డాను.

పన్నెండున పొగమంచుకి విమానం కదల్లేదు. ఆ రోజంతా విమానాశ్రయం కుర్చీలో కూర్చుని గున్‌వోర్‌ని తిట్టుకున్నాను. పొగమంచుకీ ఆమెకీ సంబంధం లేదు, కాని తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి కదా. పదమూడు పొద్దున్న ఫెర్రీ రేవు తాకేసరికి పదిన్నర దాటింది. సంచి భుజాన వేసుకుని ఇంటికి కూడా పోకుండా టోర్‌లైవ్ కొట్టానికి పరుగెత్తాను.

పిల్లలు అప్పటికే లోపల ఉన్నారు. పదకొండుమంది, పసుప్పచ్చ చొక్కాల్లో, మెడల్లో ఎర్రదారాలు. గొర్రెలు కటకటాల మీదికి కాళ్లెత్తి గోల చేస్తున్నాయి. మూల నిలబడ్డ టోర్‌లైవ్, "ఈ గొర్రెల ముందు ఏ దొర కొడుకైనా ఆగాల్సిందే, వరస తప్పకండి" అంటున్నాడు. సిన్నె వరసలో చివరనుంచి రెండోది. ఇంకా పెట్టలేదు. నా ప్రాణం లేచొచ్చింది.

గుమ్మంలో నన్ను గున్‌వోర్ చూసింది. చూసి, వెంటనే పిల్లల వైపు తిరిగింది.

"సిన్నె, నువ్వు ముందుకి రా. పెట్టెయ్. త్వరగా."

నా కళ్లతో నేను చూస్తున్నాను. మూడు నెలలు ఆగి, ఈస్టరు పోగొట్టుకుని, పొగమంచులో పడి వస్తే ఈ మనిషి నా కళ్ల ముందే వాటిని గొర్రె నోట్లో పెట్టించేస్తోంది. ఇంత పంతమా అనుకున్నాను.

"ఆగు సిన్నె" అని కేకేశాను.

"నాన్నా" అని అది వచ్చి నా మోకాళ్లకి చుట్టుకుంది. ఎత్తుకోబోతే బొమ్మలు విరుగుతాయని వద్దంది. గడ్డి మీద కూర్చున్నాను. అది దారం మెడలోంచి తీసి నా అరచేతిలో పెట్టి ఒక్కొక్కటీ చూపించింది.

"ఇది అమ్మ. జుట్టు వెల్లుల్లి నలిపే గొట్టంలోంచి వత్తాను, అందుకే నిజం జుట్టులా ఉంది. ఇది తమ్ముడు. వాడెప్పుడూ ఏడుస్తాడుగా, అందుకని నోరే చేశాను, ముక్కు చెయ్యలేదు. ఇది నేను. ఇది సూత్."

సూత్ మా నల్లకుక్క. తోక, నాలుగు కాళ్లు, చెవులు అన్నీ బాగా కుదిరాయి. దాని తర్వాత దారానికి ముడి ఉంది. ముడి తర్వాత ఏమీ లేదు.

"మరి నాన్న ఏడీ?" అన్నాను, నవ్వుతూనే.

"నువ్వు లేవుగా."

"లేకపోతే?"

"గున్‌వోర్ అడుగుతుంది కదా, ఇవాళ రాత్రి మీ బల్ల దగ్గర ఎవరెవరు తింటారు అని. అన్ని ముద్దలే ఇస్తుంది. నేను సరిగ్గా చెప్పాను. సూత్ బల్ల కింద తింటుంది, అది కూడా లెక్కే అంది."

"పోయినేడు?"

"అప్పుడు సూత్ లేదు. మూడే. దానికి ముందేడు తమ్ముడు కూడా లేడు. రెండే."

దాని మొహంలో ఏ బాధా లేదు. లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. నేను బొమ్మలు దాని చేతిలో పెట్టి లేచి బయటికి వచ్చేశాను. కొట్టం గోడకి ఆనుకుని నిలబడ్డాను. ముందు కోపం వచ్చింది, ఎవరి మీదో కాదు, కుక్క మీద. తర్వాత ఏడుపొచ్చింది. తోరిల్ దూరం నుంచి ఎందుకు ఫోటో తీసేదో అప్పుడు తెలిసింది.

గున్‌వోర్ వెనకే వచ్చింది. పిల్లల్ని వదిలి ఆమె ఎప్పుడూ రాదు. తలుపు తెరిచే ఉంచి, ఒక కన్ను లోపల పెట్టి నిలబడింది.

"రావద్దన్నాను" అంది.

"ఎప్పట్నుంచి ఇలా అడుగుతున్నావు?"

"మొదట్నుంచీ. నిన్నూ అలాగే అడిగాను. మీ నాన్న ఫెర్రీలో టికెట్లిచ్చేవాడు, రోజూ రాత్రి ఇంట్లోనే తినేవాడు. నీకు తేడా తెలీలేదు."

"ఒక్క ముద్ద ఎక్కువిచ్చి, మీ నాన్నని కూడా చెయ్యవే అంటే నీ సొమ్మేం పోయింది?"

"లేనివాణ్ని ఉన్నట్టు చెయ్యమని పిల్లలకి చెప్పను. వాళ్లకి తెలుసు ఎవరున్నారో."

ఆమె పగిలిన వేళ్లు స్వెట్టరులోకి లాక్కుంది. తర్వాత మాట్లాడింది. ఆమె నోట అన్ని మాటలు ఒక్కసారి రావడం నేను అంతకు ముందు వినలేదు.

"నాకు ఆరేళ్లు. మా నాన్న చమురు ఓడ మీద ఉండేవాడు. మా అమ్మ నేను చేసినవన్నీ ఆయనకి చూపించాలని బిస్కెట్ల డబ్బాలో దాచేది. ఉప్పు బొమ్మలు కూడా. ఫిబ్రవరిలో వచ్చాడు. మూత తీసి ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టాడు. అమ్మ, అమ్మమ్మ, నేను. మూడు. డబ్బా తలకిందులు చేసి దులిపాడు కూడా. తర్వాత మూత పెట్టి బయటికెళ్లి గోడకి ఆనుకుని నిలబడ్డాడు, ఇప్పుడు నువ్వు నిలబడ్డట్టే. నన్ను ఒక్క మాట అనలేదు. ఎనిమిదో రోజున మళ్లీ ఓడెక్కాడు. ఆ తర్వాత ఎన్నిసార్లొచ్చినా, ఏం చేశావమ్మా చూపించు అని అడగలేదు. నేనేం తప్పు చేశానో నాకెవరూ చెప్పలేదు."

"అందుకని గొర్రెలకి."

"ఓడల వాళ్లు దిగేలోపల" అంది. అని లోపలికి చూసి, "టోర్‌లైవ్, ఆ పిల్లవాడి వేళ్లు" అని హెచ్చరించింది.

నాలుగేళ్లుగా ఆ గొర్రెలు తిన్నది నేను వాటిని చూడకుండా కాపాడటానికే. ఆ మనిషిని పట్టుకుని నేను పెరట్లో పిల్లలందరి ముందూ అన్న మాట గుర్తొచ్చి తల ఎత్తుకోలేకపోయాను. క్షమించమని అడగబోయాను. ఆమె గడ్డంతో లోపలికి చూపించింది.

సిన్నె నేను వదిలిన చోటే నిలబడి ఉంది. మిగతా పిల్లలందరూ పెట్టేశారు. పెద్ద గొర్రె ఒకటి కటకటాల్లోంచి మెడ చాచి దాని చొక్కా నాకుతున్నా పట్టించుకోలేదు. బొమ్మల్ని రెండు చేతులతో కప్పి పట్టుకుంది. అప్పుడు చూశాను దాని మొహం. ఇందాక లేని భయం అప్పుడుంది.

"తప్పు చేశానా?" అంది.

ఏ మాట చెప్పినా అబద్ధంలా ఉండకూడదనుకున్నాను. గడ్డి మీద మళ్లీ కూర్చున్నాను. దాని చేతులు విడదీసి, నాలుగు బొమ్మల్నీ ఒక్కొక్కటిగా వేలుతో తాకుతూ లెక్కపెట్టాను.

"లేదమ్మా. ఎవరు తిన్నారో వాళ్లనే చేశావు. లెక్క సరిగ్గానే ఉంది. నేనే లేను."

"నువ్వు ఓడలో తిన్నావుగా."

"అవును. ఇవాళ మాత్రం ఇంట్లో తింటాను."

"ఇవాళ లెక్క లేదు" అంది సిన్నె. కాస్త ఆలోచించి, "అయినా తిను" అంది.

గున్‌వోర్ గుమ్మం లోపలికి వచ్చి నిలబడి ఉంది. అంతా విన్నది. లెక్క సరిగ్గానే ఉందని నేను చెప్పింది నా కూతురికే, ఆమెకి కాదు. కాని ఆమె తలుపు పక్కనున్న దాణా పెట్టె దగ్గరికి వెళ్లి, దాని మూత మీద కూర్చుండిపోయింది. ముప్పై నాలుగేళ్లలో పనివేళ గున్‌వోర్ కూర్చోగా ఎవరూ చూడలేదు. పిల్లలు గొర్రెల్ని వదిలి ఆమె వైపు చూశారు. ఒంట్లో బాగాలేదా అని టోర్‌లైవ్ అడిగాడు. బాగానే ఉందంది. సిన్నె అమ్మని ఒక గొర్రెకి, తమ్ముణ్ని ఒక గొర్రెకి, తనని, సూత్‌ని కలిపి ఇంకో గొర్రెకి పెట్టింది. వాటిని అవి నాకి, కొరికి, ముక్క లేకుండా తినేదాకా ఆమె లేవలేదు.